అంతర్జాల పత్రికలో వ్యాసం పాఠకునికి కనబడుతున్నదా? - నిర్ధారణ పద్ధతి

1914లో బెజవాడ కేంద్రంగా గ్రంథాలయ సంఘం ఏర్పడిన కాలంలో ప్రచురణ విషయమై సందేహానికి తావు లేదు. పఠనమందిరంలో బల్ల మీద పత్రిక ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. అంతర్జాల పత్రికకు ఈ స్పష్టత లేదు. ఒకే వ్యాసం సంపాదకునికి కనబడుతూ పాఠకునికి కనబడకపోవచ్చు.

విజయవాడ, మచిలీపట్నం ప్రాంతాల అధ్యాపకులు, పరిశోధకులు తమ దరఖాస్తుల్లో వ్యాసాల లంకెలను పొందుపరుస్తున్నారు. పరిశీలకుడు లంకెను తెరిచినప్పుడు లాగిన్ అడిగితే, ఎంత శ్రమించి రాసిన వ్యాసమైనా లెక్కలోకి రాదు.

దీనికి కారణం నిర్వహణ వ్యవస్థ ప్రతి రచనకూ ఒక 'స్థితి'ని కేటాయించడమే. వర్డ్‌ప్రెస్‌లో చిత్తుప్రతి, సమీక్షకై వేచి ఉన్నది, ప్రైవేట్, ప్రచురితం అనే స్థితులున్నాయి. ప్రైవేట్ రచన లాగిన్ అయిన నిర్వాహకునికీ సంపాదకునికీ మామూలుగానే తెరుచుకుంటుంది. బయటివారికి '404 - దొరకలేదు' అని వస్తుంది. అంటే ఆ సందేశాన్ని చూసి రచనను తొలగించారనుకోవడం తొందరపాటు. పరిశోధన పత్రికలు విరివిగా వాడే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌లో చిక్కు మరొకటి: వ్యాసాన్ని ఒక సంచికకు కేటాయించినా, ఆ సంచిక వెలువడేదాకా అది పాఠకునికి కనబడదు. ఒక్కోసారి సారాంశం కనబడినా పీడీఎఫ్ జతపడి ఉండదు.

కనుక నిర్ధారణ పాఠకుని స్థానం నుంచే జరగాలి. బ్రౌజర్‌లో అజ్ఞాత విండో తెరిచి, లాగిన్ కాకుండా లంకెను నేరుగా అతికించి చూడాలి. కళాశాల నెట్‌వర్క్‌కు ప్రత్యేక అనుమతులు ఉండవచ్చు గనుక మొబైల్ డేటాతో మరొక ఫోన్‌లోనూ పరీక్షించాలి. పీడీఎఫ్‌ను విడిగా తెరిచి చివరి పుట వరకు చూడడం అవసరం. చాలామంది సారాంశం దగ్గరే ఆగిపోతారు. గూగుల్‌లో దొరకకపోవడం వేరే సంగతి. సూచీకరణకు కొంత కాలం పడుతుంది, పత్రిక దానిని నిరోధించి ఉండనూ వచ్చు.

దీనికి విలోమమైన ప్రమాదాన్ని సంపాదకులు అంతగా గమనించరు. వర్డ్‌ప్రెస్‌లో రచన చిత్తుప్రతిగా ఉన్నా, దానికోసం ఎక్కించిన పీడీఎఫ్ సాధారణంగా నేరు లంకెతో ఎవరికైనా తెరుచుకుంటుంది. అజ్ఞాత సమీక్ష సాగుతుండగా రచయిత పేరున్న ప్రతి అలా బయటపడితే సమీక్షకు అర్థం ఉండదు. సమీక్షలో ఉన్న ప్రతులను అక్కడికి ఎక్కించకుండా విడిగా భద్రపరచడమే మేలు.