కొండమలుపులో జారు కారు

జపానులో కనుమను ‘తోగే’ యందురు. రాత్రివేళ అట్టి దారుల మలుపులలో కొందరు చట్టమును మీరి కారును ప్రక్కకు జారించుచు నడపుదురు. ఇదియే ‘డ్రిఫ్టింగు’. 1970 దశకమున కునిమిత్సు తకహాషి పందెపు బాటపై చూపిన ఈ విద్యను కెయిచి త్సుచియ కొండదారులలో అభ్యసించి ప్రసిద్ధికెక్కెను.

కారు మలుపు తిరుగుటకు టైర్లకు రోడ్డుతో గల ఘర్షణయే ఆధారము. వేగము రెట్టింపైనచో కావలసిన ఘర్షణ నాలుగు రెట్లగును. వెనుక చక్రములకు ఇంజనుబలము హెచ్చుగా నిచ్చినచో వాని పట్టు సడలి కారు తోక వెలుపలికి జారును. చోదకుడు ముందు చక్రములను జారుచున్న దిక్కునకే త్రిప్పి కారును నిలుపుకొనును.

20 మీటర్ల వ్యాసార్ధముగల చదునైన మలుపులో, ఘర్షణ గుణకము 0.8 అయినచో, గంటకు సుమారు 45 కిలోమీటర్లే హద్దు. వానతడికి గుణకము సగమైనచో 32 మాత్రమే. హద్దు మీరిన కారుకు పందెపు బాటపై ఖాళీ స్థలముండును. కనుమదారిలో లోయయో, ఎదురు బండియో యుండును.