గ్రహాలు చూడటానికి కొండెక్కనక్కర్లేదు

మదనపల్లెలోనో పుంగనూరులోనో మిద్దె మీద టెలిస్కోపు పెట్టి గురుడినీ శనినీ చూస్తామంటే, ఊరి లైట్లలో ఏం కనిపిస్తుంది, హార్స్‌లీ కొండకు పోవాల్సిందే అంటారు. నీహారికల విషయంలో అది నిజమే. గురుడు మాత్రం వీధిలైట్లకు లొంగేంత మసక గ్రహం కాదు. గ్రహబింబాన్ని చెడగొట్టేది వెలుతురు కన్నా ఎక్కువగా గాలి. గ్రహం కిందుగా ఉంటే దాని కాంతి మందమైన గాలిపొరను దాటి రావాలి, అంచులు అల్లాడతాయి. పైకెక్కేకొద్దీ ఆ పొర పలచబడుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 13 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి, గురుడు బాగా దక్షిణానికి జరిగిన ఏడాదిలో కూడా ఇక్కడ 50 డిగ్రీలు దాటి ఎక్కుతాడు. లండన్‌లో ఆ ఏడాది 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. ఇదే ఆకాశం కింద, కుప్పానికి అరవై కిలోమీటర్ల లోపే ఉన్న కావలూరు వేధశాలలో 1977 మార్చి 10న ఒక మీటరు టెలిస్కోపు యురేనస్ వలయాల ఆనవాళ్లను పట్టింది. యురేనస్ అడ్డు రాకముందే దాని వెనకున్న నక్షత్రం క్షణకాలం మసకబారడమే ఆ ఆనవాలు.

అంత పెద్ద అద్దం మనకెక్కడిది అనవచ్చు. 150 మిల్లీమీటర్ల అద్దం చాలు, గురుడి పట్టీలూ శని వలయాలూ స్పష్టంగా తెలుస్తాయి. ఓపిక మాత్రం కావాలి. పగలంతా కాగిన స్లాబు పొద్దుపోయాక కూడా సెగలు కక్కుతుంది, ఆ సెగకు బింబం ఉడికినట్టు కదులుతుంది. టెలిస్కోపును గంట ముందే బయటపెట్టి, రాత్రి ముదిరాక చూడాలి. ఫొటోకు ఒక్క క్లిక్కు సరిపోదు. రెండు మూడు నిమిషాల వీడియో తీసి, ఆటోస్టాకర్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములే ఏరి కలపాలి. గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి వీడియో మరీ పొడవైతే వివరాలు చెదిరిపోతాయి.

వ్యోమనౌకలుండగా ఈ శ్రమెందుకు అనేవాళ్లకు 2009 జులై 19 గుర్తుచేయాలి. ఆ రోజు గురుడి దక్షిణ ధ్రువం దగ్గర కొత్త నల్లమచ్చను మొదట చూసింది ఆస్ట్రేలియా ఔత్సాహికుడు ఆంథొనీ వెస్లీ. ఏదో వచ్చి ఢీకొట్టిందని ఆ తర్వాత పెద్ద టెలిస్కోపులు తేల్చాయి. 2016లో గురుడి కక్ష్య చేరిన జూనో కూడా దగ్గరగా వచ్చేది ప్రతి చుట్టులో కొన్ని గంటలే. మనకు అర్ధరాత్రి అయ్యేసరికి సిడ్నీలో తెల్లవారబోతుంటుంది, యూరప్‌లో ఇంకా సాయంత్రమే. ఆ గంటల్లో గురుడి మీద ఏం జరిగినా చూడాల్సింది మన వైపు మిద్దెల మీద ఉన్నవాళ్లే.