ముందు బండికి తగినంత ఎడము

సూరతు నగరమునకు తూర్పున కడోదర, కామరేజ్‌ల మీదుగా 48వ నెంబరు జాతీయ రహదారి సాగుచున్నది. బట్టల బేళ్లు నింపిన లారీలును, తెలంగాణము నుండి వలసవచ్చి మరమగ్గములపై జీవించు తెలుగువారి మోటారు సైకిళ్లును ఈ ప్రాంతపు దారులలో కలసి నడచును. ఇట్టి చోట ముందు బండిని అంటుకొని నడుపుట ప్రాణాపాయకరము.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. ముందు బండి ఆగుటను గమనించి బ్రేకు నొక్కుటకే ఇంచుమించు ఒక సెకను పట్టును. పిమ్మట నిలుచుటకు పొడి రోడ్డుపై మరి 20 మీటర్లైనను కావలెను. వేగము రెట్టింపైనచో ఈ రెండవ దూరము నాలుగు రెట్లగును. తడి రోడ్డుపై ఇంకను హెచ్చును.

వెనుకనుండి ఢీకొన్నచో ముందు కారులోనివారి మెడ ఒక్కసారిగా విదిలింపబడి కండరములు, కీళ్లు దెబ్బతినును. మోటారు సైకిలు నడుపువానికి తలయే తగులును. కావున శిరస్త్రాణము తప్పనిసరి.

ఎడము కొలుచుట సులభము. ముందు బండి ఒక స్తంభమును దాటగానే నూటఒకటి, నూటరెండు, నూటమూడు అని నిదానముగా లెక్కింపవలెను. లెక్క ముగియకముందే ఆ స్తంభమును చేరినచో ఎడము చాలదు, వేగము తగ్గింపవలెను. వానలోను, రాత్రివేళను ఈ లెక్కను రెట్టింపు చేయవలెను.

విడిచిన ఎడములో వేరొక బండి చొరబడుట కద్దు. అప్పుడు కోపింపక మరల వెనుకకు తగ్గవలెను. పోవునది కొలది సెకన్లు మాత్రమే; దక్కునది ప్రాణము. ముందు బండి హఠాత్తుగా ఆగినను ఢీకొనకుండ నిలుపగల దూరము పాటింపవలెనని 2017 నాటి మోటారు వాహన చోదన నిబంధనలును శాసించుచున్నవి.

ప్రమాదము జరిగినచో గాయపడినవాని మెడను కదపక, వెంటనే 108కి ఫోను చేయవలెను.