పాట ప్రపంచమంతా... మాట ఇంట్లోనే!

ఎల్విస్ ప్రెస్లీ ‘బ్లూ హవాయి’ సినిమా అనగానే సముద్రతీరం, మెడలో పూలదండలు గుర్తొస్తాయి. కానీ ఆ పాటలు రికార్డయింది దీవుల్లో కాదు. 1961 మార్చి 21 నుంచి 23 వరకు మూడు రోజులు, హాలీవుడ్‌లోని రేడియో రికార్డర్స్ స్టూడియోలో. మన సినిమాల్లోలాగే ముందు పాట, తర్వాత షూటింగ్.

నాలుగు గోడల మధ్యకు హవాయి ఎలా వచ్చింది? ముఖ్యంగా స్టీల్ గిటార్ వల్ల. దాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగలపై ఉక్కు కడ్డీని జారుస్తూ వాయిస్తారు. స్వరం నుంచి స్వరానికి తెగకుండా జారే ఆ నాదం, గమకాలు విన్న మన చెవికి పరాయిగా అనిపించదు. మన గోటువాద్యం వాయించేదీ దాదాపు ఇలాగే. ఇక ఉకులేలే పట్టినవారిలో మావీ దీవిలో పుట్టిన ఫ్రెడీ టవారెస్ ఒకరు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ రూపకల్పనలో ఆయనకూ భాగముంది. ఎల్విస్‌కు ఎప్పుడూ వంతపాడే జోర్డనైర్స్‌కు తోడుగా హవాయి బృందం ‘ద సర్ఫర్స్’ గొంతు కలిపింది.

పాటల్లో ఎక్కువ భాగం మాత్రం హవాయివి కావు. టైటిల్ పాట 1937లో బింగ్ క్రాస్బీ సినిమా కోసం హాలీవుడ్‌లో తయారైంది. ‘కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్’ బాణీకి మూలం 18వ శతాబ్దపు ఫ్రెంచి గీతం. అచ్చంగా ఆ నేలవి రెండు: హవాయి చివరి రాణి లిలియువొకలాని రాసిన ‘అలోహా ఓయె’, చార్లెస్ ఇ. కింగ్ బాణీ కట్టిన పెళ్లి పాట. హవాయి మాటలు ప్రధానంగా వినిపించేది వీటిలోనే.

ఆ ఆల్బం అమెరికాలో 20 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అదే కాలంలో దీవుల్లో ఆ భాష మాట్లాడే పిల్లలు కరువవుతున్నారు. 1896 చట్టం బడుల్లో ఇంగ్లిష్‌నే బోధనా భాషగా చేసింది. తరం తర్వాత తరం, ఇళ్లల్లోనూ మాట తగ్గింది. మళ్లీ ఊపిరి పోసింది హిట్ పాటలు కాదు. 1978లో హవాయిని రాష్ట్ర అధికార భాషగా గుర్తించారు. 1984లో ‘పూనానా లియో’ పేరుతో, పూర్తిగా హవాయిలోనే మాట్లాడే పసిపిల్లల బడి మొదలైంది. దాని వెనక ఉన్నది టీచర్లు, తల్లిదండ్రులే.

ఇది నాకెందుకు పట్టిందంటే, నేను మా ఊరి తెలుగు సంఘంలో పిల్లలకు పాటలు నేర్పుతాను. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని, శ్రుతి తప్పకుండా పాడేస్తారు. చప్పట్లు మోగుతాయి. ‘ఈ మాటకు అర్థమేంటమ్మా?’ అంటే అమ్మ వైపు చూస్తారు.

పాట మంచి గుమ్మమే, కాదనను. గుమ్మం దాటించాల్సింది మనం. ఈసారి ఉగాది రిహార్సల్‌కు వచ్చే తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే: ఇంటికెళ్లే దారిలో, కారులో, ఆ పాట గురించి పిల్లలతో తెలుగులోనే మాట్లాడండి.