శాంతి కోసం ముందే చేసే ప్రతిజ్ఞ

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

కలహం రేగిన తరువాత సహనం నేర్చుకునే వ్యవధి ఉండదు. కనుక శాంతిని కోరే సమాజం ప్రశాంతమైన రోజుల్లోనే సంఘంగా ఏర్పడి, ప్రతిజ్ఞ చేసి, దానిని అలవాటుగా మార్చుకోవాలి. ఇందుకు మన చరిత్రలో రెండు నిదర్శనాలున్నాయి.

మొదటిది హిల్ఫుల్ ఫుజూల్. యమన్‌లోని జబీద్ నుంచి ఒక వర్తకుడు మక్కాకు సరుకు తెచ్చాడు. ఖురైష్ ప్రముఖుడు ఆస్ బిన్ వాయిల్ దానిని కొని వెల చెల్లించలేదు. నగరంలో బంధుబలం లేని ఆ పరదేశి అబూ ఖుబైస్ కొండనెక్కి మొరపెట్టుకున్నాడు. అప్పుడు కొన్ని వంశాలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమయ్యారు. పీడితుడు స్థానికుడైనా, పరదేశి అయినా, అతని హక్కు అతనికి దక్కేవరకు ఒక్కటిగా నిలుస్తామని ప్రమాణం చేశారు. వర్తకుని సొమ్ము అతనికి ముట్టింది. సుమారు 20 ఏళ్ల వయసులో మహాప్రవక్త (స) ఆ ప్రమాణానికి హాజరయ్యారు. దైవదౌత్యం లభించిన తరువాత కూడా, అటువంటి ఒప్పందానికి పిలుపు వస్తే స్పందిస్తానని సెలవిచ్చారు. న్యాయం కోసం ఇతరులతో చేయి కలపడం ప్రవక్త (స) మెచ్చిన మార్గమని దీనివల్ల తెలుస్తున్నది.

రెండవది ఖుదాయీ ఖిద్మత్‌గార్, అంటే దైవసేవకుల సంఘం. వాయవ్య సరిహద్దు ప్రాంతపు పఠాన్లలో తరతరాల పగలు కుటుంబాలను బలిగొంటుండేవి. ఉత్మాన్‌జై గ్రామస్థుడైన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ మొదట పాఠశాలలు స్థాపించి, 1929లో ఈ సంఘాన్ని నెలకొల్పారు. హింసకూ ప్రతీకారానికీ దూరంగా ఉంటామని, తమను పీడించినవారిని క్షమిస్తామని, రోజుకు కనీసం రెండు గంటలు సమాజసేవ చేస్తామని సభ్యులు ప్రమాణం చేసేవారు. సహనం, అనగా సబ్ర్, ప్రవక్త (స) వారి ఆయుధమని ఆయన బోధించేవారు.

1930 ఏప్రిల్ 23న ఆయనను నిర్బంధించినప్పుడు, పెషావర్‌లోని ఖిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధ జనంపై బ్రిటిషు సైన్యం కాల్పులు జరిపింది. చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన సహచర సైనికులు మాత్రం కాల్చడానికి నిరాకరించి శిక్షలు అనుభవించారు. ఆ రక్తపాతం తరువాత సంఘం చెదరలేదు, మరింత విస్తరించింది. తుపాకి పట్టడం తెలిసినవారే తుపాకిని విడనాడారు. అది పిరికితనం కాదు.

సోదరులారా! శాంతి అంటే అన్యాయం ముందు మౌనం కాదు. హిల్ఫుల్ ఫుజూల్ హక్కును రాబట్టింది. ఖుదాయీ ఖిద్మత్‌గార్లు పరాయి పాలనను ఎదిరించారు. రెండూ ఆవేశాన్ని కాక ప్రమాణాన్ని నమ్ముకున్నాయి.

మన ఊళ్లలో పండుగల ముందు శాంతి కమిటీ సమావేశాలు జరుగుతాయి. వాటికి వెళ్లడం మంచిదే, కాని ఒక్క పూట సమావేశం చాలదు. ప్రతి మస్జిద్ పరిధిలో పెద్దలు, యువకులు కలిసి ఏడాది పొడవునా పనిచేసే చిన్న బృందం ఉండాలి. ఇతర మతాల ఇరుగుపొరుగు పెద్దలతో దానికి ముందే పరిచయం ఉండాలి. సెల్‌ఫోనులో వచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా ఎవరూ ఇతరులకు పంపరాదు. వార్తను విచారించమని, తగవుపడినవారి మధ్య న్యాయంగా సయోధ్య కుదర్చమని సూరా హుజురాత్ మనలను ఆదేశిస్తున్నది. అన్యాయం జరిగితే చట్టం ద్వారా, సాక్ష్యాలతో, కలిసికట్టుగా హక్కును కోరాలి. మన పిల్లలు ఆవేశంలో వీధికెక్కకముందే వారి చేతికి సేవను అందించాలి.

అల్లాహ్ మనలను న్యాయానికి సాక్షులుగా, శాంతికి సేవకులుగా చేయుగాక! ఆమీన్.