నీ నీళ్లు నువ్వే మోసుకో!

మారథాన్‌ అంటే తెల్లవారుజామున మొదలై ఎండెక్కేలోపు ముగియాలి. మనకు తెలిసిన లెక్క అది. టోక్యోకు పడమట ఇత్సుకాయిచి అనే చిన్న ఊళ్లో ఏటా అక్టోబరులో జరిగే కొండదారి పరుగు మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళ, సరిగ్గా ఒంటిగంటకు మొదలవుతుంది. ఆ నెలలో అక్కడ సాయంత్రం అయిదుంపావుకల్లా పొద్దు గూకుతుంది. అంటే బయల్దేరిన నాలుగు గంటలకే చీకటి. మళ్లీ సూర్యుణ్ని చూడాలంటే పన్నెండు గంటలు ఆగాలి. టైమ్‌టేబుల్‌ తప్పు కాదిది. మనిషిని రాత్రంతా అడవిలో ఉంచడమే ఈ పోటీ ఉద్దేశం.

పేరు హసెత్సునె కప్‌. దూరం 71.5 కిలోమీటర్లు, గడువు 24 గంటలు. మారథాన్‌ దూరం దాటితే అల్ట్రా కాబట్టి ఇదీ అల్ట్రామారథానే. ఆల్ప్స్‌లో మోబ్లాఁ పర్వతం చుట్టూ జరిగే యూటీఎంబీకి ఇవాళ ప్రపంచమంతా పేరుంది. అది 2003లో పుట్టింది. హసెత్సునె అంతకు పదేళ్ల పెద్దది.

ఈ పేరు వెనక ఓ పర్వతారోహకుడున్నాడు. త్సునెఓ హసెగావా 1947లో పుట్టాడు. ఆల్ప్స్‌లో ఆరితేరినవాళ్లు కూడా జంకే ఉత్తరపు గోడలు మూడున్నాయి. వాటిని గడ్డకట్టే చలికాలంలో, తోడెవరూ లేకుండా ఎక్కాడు. 1977లో మాటర్‌హార్న్‌, ఆ మరుసటేడు ఐగర్‌, 1979లో గ్రాండ్‌ జొరాస్‌. ఆ మూడింటినీ అలా ఎక్కిన తొలి మనిషి ఆయనే. 1991 అక్టోబరు 10న పాకిస్థాన్‌లోని కారాకోరంలో ఉల్తార్‌ శిఖరం మీద మంచుచరియలు విరుచుకుపడి చనిపోయాడు. వయసు 43. రెండేళ్ల తర్వాత, 1993లో, టోక్యో పర్వతారోహకుల సమాఖ్య ఆయన పేరిట ఈ పోటీ మొదలుపెట్టింది. అందుకే దీనికి పరుగుపందెం పోకడల కన్నా పర్వతారోహణ పద్ధతులే ఎక్కువ అబ్బాయి.

కొండలు చిన్నవే... 

మ్యాపు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. దారిలో అన్నిటికన్నా ఎత్తయిన మితో శిఖరం 1,531 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అర్మకొండే 1,680 మీటర్లుంటుంది. ఆ తర్వాత వచ్చే గోజెన్‌ 1,405, ఓదాకె 1,267, చివరి హినోదె 902 మీటర్లు. ఊపిరాడని ఎత్తులు కావు, మంచు లేదు. చిక్కంతా ఎక్కడంటే, దారి ఒక్కసారి ఎక్కి ఒక్కసారి దిగేది కాదు. ఆకి నది లోయను చుట్టుకొచ్చే గట్ల మీదుగా ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఎక్కినదంతా కూడితే 4,582 మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లదారిన ఓ రోజులో ఆరేడుసార్లు ఎక్కి, అన్నిసార్లూ దిగినట్లు. మెట్లుండవు, వేళ్లూ రాళ్లూ ఉంటాయి.

మొదట్లో ఇంకో తలనొప్పి. వందలాది మంది బయల్దేరి, ఒక్కరు పట్టే కాలిబాటలోకి వస్తారు. వెనకబడినవాళ్లు వరుసలో నిలబడే కాలం గడపాలి. దాన్ని తప్పించుకుందామని మొదటి అయిదు కిలోమీటర్లు రెచ్చిపోయి పరుగెత్తినవాళ్లు అర్ధరాత్రి దాటాక ఫలితం అనుభవిస్తారు.

లీటరున్నర, అంతే

ఇప్పుడు అసలు సంగతి. ఈ పోటీలో నిర్వాహకులు తిండి పెట్టరు. అరటిపండు లేదు, బిస్కెట్‌ లేదు. నీళ్లయినా ఒక్కచోటే, 42వ కిలోమీటరు దగ్గర త్సుకియొమి అనే పార్కింగ్‌ స్థలంలో ఇస్తారు. అదీ మనిషికి లీటరున్నర. మామూలు నీళ్లో, పొకారి స్వెట్‌ అనే ఉప్పూ తీపీ కలిసిన పానీయమో కోరుకోవచ్చు. దీపాల వెలుగులో వాలంటీర్లు కొలిచి పోస్తారు. మూత తీసిన నీటిసంచి చాపి, వణికే చేతులతో నిలబడ్డ మనిషికి ఆ లీటరున్నరను ఎలా వాడాలన్నది అక్కడికక్కడే తేల్చుకోవాల్సిన లెక్క. ఇంకా దాదాపు ముప్పై కిలోమీటర్లుంది.

లెక్క నిజంగానే కష్టం. కొండ ఎక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. మామూలు పరుగరికి త్సుకియొమి చేరడానికే తొమ్మిది గంటలు పడుతుందనుకుందాం. అర లీటరు చొప్పున చూసినా నాలుగున్నర లీటర్లు. అంత మోస్తే ఆ బరువే నడుం వంచుతుంది. అందుకే చాలామంది రెండు మూడు లీటర్లతో బయల్దేరి, మిగతాది చల్లదనానికి వదిలేస్తారు. ఈ పోటీ శరదృతువులో ఎందుకన్న ప్రశ్నకు ఇదొక జవాబు. జపాన్‌ ఆగస్టు ఉక్కలో ఇదే నియమం పెడితే సగం మంది ఆసుపత్రిలో తేలతారు. చల్లబడింది కాబట్టి తక్కువ నీళ్లతో నెట్టుకురావచ్చు. కానీ ఆ చల్లదనమే రాత్రయ్యాక పగబడుతుంది. తడిసిన చొక్కాతో మితో మీద గాలికి అయిదు నిమిషాలు ఆగితే పళ్లు టకటకలాడతాయి.

నీళ్లు ఎక్కువ తాగినా ప్రమాదమే. చెమటతో పోయిన ఉప్పు పుచ్చుకోకుండా వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలతిరుగుడు, వాంతులు, ముదిరితే మూర్ఛ. తిండీ అంతే. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్‌ రెండు వేల కేలరీలకు అటూఇటూ. అరవై కిలోల మనిషికి ఈ దారిలో నాలుగు వేలకు పైనే కావాలి. మిగతాది తింటూ పోవాల్సిందే. కానీ రక్తమంతా కాళ్లకు మళ్లినప్పుడు కడుపు మొరాయిస్తుంది. పొద్దున ఇష్టంగా సర్దుకున్న తీపి జెల్‌ రాత్రి పదికి నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. అందుకే అక్కడి వాళ్లు ఊరబెట్టిన ఉమె అనే పుల్లటి కాయ పెట్టిన అన్నం ముద్దలు తెచ్చుకుంటారు. పులుపూ ఉప్పూ తగిలితేనే గొంతు దిగుతుంది. మనవాళ్లయితే పులిహోర ఉండలు కట్టుకోవడమే తెలివి!

చీకట్లో దిగుడు

చూసేవాళ్లకు ఎక్కుడే కష్టమనిపిస్తుంది. కాళ్లను పడగొట్టేది దిగుడు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. ఆ పనిలో కండరం పోగులు చిట్లుతాయి. యాభై కిలోమీటర్లు దాటాక మోకాలు మడిస్తే మళ్లీ నిలుస్తుందా అన్న అనుమానం. సరిగ్గా అక్కడే ఓదాకె శిఖరం దగ్గర గొలుసులు పట్టుకుని దాటాల్సిన రాళ్లుంటాయి. హెడ్‌ల్యాంప్‌ వేసిన వెలుగు చక్రమే ఆ వేళకు లోకం. బ్యాటరీలు తక్కువ తెచ్చుకున్నవాడి గతి చెప్పక్కర్లేదు. ఈ కొండలున్న ఒకుతామా ప్రాంతపు అడవుల్లో ఎలుగుబంట్లున్నాయి కాబట్టి చాలామంది సంచికి గంట కట్టుకుంటారు. అక్టోబరు కందిరీగలు గూళ్లు బాగా పెంచుకుని కోపం మీదుండే కాలం కూడా.

సుందర దృశ్యాల కోసమైతే ఈ పోటీకి వెళ్లకండి. రంగు మారడం మొదలెట్టిన ఆకులు మితో మీది బీచ్‌ జాతి చెట్లకు ఉంటాయి గానీ, అక్కడికి చాలామంది చీకట్లోనే చేరతారు. దారిలోని మితాకె కొండ మీద 929 మీటర్ల ఎత్తున తోడేలును దేవతగా కొలిచే పురాతన ఆలయం ఉంది. పగలు జనం పెంపుడు కుక్కలను తీసుకొచ్చి మొక్కులు తీర్చుకుంటారు. పరుగర్లు వెళ్లేసరికి ఆ కొండ మీది ఊరంతా నిద్రలో ఉంటుంది. హినోదె మీద మాత్రం ఒక్కసారి టోక్యో మైదానమంతా దీపాలై కనిపిస్తుంది. అక్కణ్నించి పది కిలోమీటర్ల పైచిలుకు దిగుడే.

2014లో రుయి ఉయెద అనే 21 ఏళ్ల విద్యార్థి ఈ చుట్టు మొత్తం 7 గంటల 1 నిమిషం 13 సెకన్లలో తిరిగొచ్చాడు. 2019లో ప్రపంచ స్కైరన్నింగ్‌ సిరీస్‌ గెలిచిందీ అతనే. ఆ ఏడు హసెత్సునె జరగనేలేదు. సరిగ్గా పోటీ ముంగిట హగిబిస్‌ తుపాను టోక్యో మీద పడింది. శరదృతువు అంటే అక్కడ తుపాన్ల కాలం కూడా మరి.

అడుగడుగునా సూప్‌ గిన్నెలూ పండ్ల ముక్కలూ పెట్టే పోటీలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటికి రుసుమూ ఎక్కువే, హంగూ ఎక్కువే. వాటిని చులకన చేయను గానీ, కొండ మీద ఏది ఎంత ఉందో లెక్క చూసుకోవడం వాటిలో అలవడదు. ఆ పని మొరటుగా నేర్పేది హసెత్సునె. అలాగని మొదటి అల్ట్రాగా దీన్ని పెట్టుకోవడం దుస్సాహసం. ఇవే కొండల్లో వసంతంలో 30 కిలోమీటర్ల పోటీ జరుగుతుంటుంది, జపాన్‌లో ఉన్న మనవాళ్లు అక్కణ్నించి మొదలెట్టొచ్చు. ఇక్కడున్నవాళ్లు అటవీశాఖ అనుమతించే దారుల్లో, ఇద్దరు ముగ్గురు కలిసి, సొంత నీళ్లూ సొంత తిండీ మోసుకుంటూ ఓ పూట నడిచి చూడండి. దీపంతో నడక అలవాటవ్వాలంటే చీకటి పడ్డాక ఊరి దగ్గరి మట్టిరోడ్డు చాలు. అదీ ఒంటరిగా మాత్రం వద్దు.