మీ పనికి మీ పేరుతో ఒక వెబ్‌సైట్

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన పేరు దేశమంతా తెలిసింది. హిందూపురం, పెనుకొండల్లో మెహెందీ వేసే మన అమ్మాయిల పని మాత్రం వాట్సాప్‌లో పేరు లేకుండానే తిరుగుతోంది. నచ్చినా, ఆర్డర్ ఎవరికివ్వాలో చూసినవాళ్లకు తెలీదు.

దీనికి ఖర్చు లేని దారి ఉంది. జీమెయిల్ ఉంటే గూగుల్ సైట్స్‌లో ఉచితంగా పేజీ తయారుచేసుకోవచ్చు. కంప్యూటర్‌లో అయితే సులభం.

ముందు మీ పనిలో మంచివి పది ఎంచుకోండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి. తోలు ల్యాంప్‌షేడ్ అయితే లైటు వేసి ఒకటి, ఆర్పి ఒకటి తీయాలి. రంగులు వెలుగులోనే తెలుస్తాయి. పెళ్లికూతురి చేతుల ఫొటో అయితే ఆ ఇంటివాళ్లను అడిగాకే పెట్టండి.

పేజీ పైన మీ పేరు, ఊరు రాయండి. ప్రతి ఫొటో కింద సైజు, ధర ఉండాలి. చివర్లో ఫోన్ నంబర్. ఇంటి నంబర్ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆర్డర్లకు వేరే సిమ్ తీసుకోండి.

'పబ్లిష్' నొక్కితే లింకు వస్తుంది. ఇకనుంచి ఎవరైనా డిజైన్ అడిగితే ఫొటో కాదు, ఆ లింకే పంపండి. పనితోపాటు మీ పేరూ వెళ్తుంది.